గుట్ట మీది నల్లపిట్ట, మా సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని మధిర నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను స్టూడియోలో ఒక పెళ్లికొడుకు మీసాన్ని కంప్యూటర్‌లో సరిచేస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. రిటైరై, భర్త కూడా పోయాక సిస్టరమ్మ ఆ చెల్లెలి దగ్గరే ఉండేది. "పొద్దున టీ తాగిందయ్యా, తాగి కూర్చున్నచోటే ఒరిగిపోయింది. నీ నంబరు పెద్ద అంకెల్లో గోడ మీద రాసుకుంది, అందుకని ముందు నీకే చేశాను" అంది. నేను ఫోన్ పెట్టేశాను. పెళ్లికొడుకు "ఏమైందన్నా?" అన్నాడు. మా సిస్టరమ్మ పోయిందన్నాను. "మీ అక్కనా?" అన్నాడు. కాదు, కాలనీ దవాఖానా నర్సమ్మ అన్నాను. "ఓ, నర్సమ్మనా" అని హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నర్సమ్మ అయితే ఏంది? నర్సమ్మ పోతే ఏడ్వద్దా?" అని అరిచాను. పాపం, మీసం సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయాడు.

అంత అరిచినవాణ్ని, ఏడుపు మాత్రం రాలేదు. రైల్లో వచ్చింది. డోర్నకల్‌లో బండి మారి, బోనకల్ దాటాక కిటికీ బయట పత్తి చేలు చూస్తుంటే ఎందుకో ఇక ఆగలేదు. ఎదుటి సీటు ముసలాయన మంచినీళ్ల సీసా చేతికిచ్చాడు, ఏమీ అడగలేదు. దహనానికి అందుకోలేకపోయాను. చెల్లెలి ఇంట్లో ముందుగదిలో దండ వేసి పెట్టిన ఫోటో నేను తీసిందే, ఆమె డ్యూటీ కార్డు కోసం. తెల్లచీర, బిగించిన ముడి, ముడిలో పెన్ను. ఆ రోజు నవ్వమంటే "ఎందుకు? నాకు నవ్వొస్తే నవ్వుత" అంది. ఆ మొహమే దండ వెనక నుంచి నన్ను చూస్తోంది.

ఆమె నాకు చుట్టం కాదు. మణుగూరు దిక్కున బొగ్గుగనుల కాలనీలో చివరి వరుస క్వార్టర్లు ఒక రాతిగుట్టకు ముందు ఉంటాయి. వరుసలో ఆఖరి క్వార్టర్ ఆమెది. దాని ప్రహరీ అవతల రేకుల ఇంట్లో నేనూ నా భార్యా కిరాయికి ఉండేవాళ్లం. రెండు దొడ్లకూ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీది నుంచి కూర గిన్నెలూ జ్వరం బిళ్లలూ తిట్లూ అటూ ఇటూ పోతుండేవి. తిట్లు ఎక్కువగా అటు నుంచి ఇటే వచ్చేవి. "ఏమయ్యా స్టూడియో సేటూ, మళ్ల బీడీ తాగినవా? నాకు వాసన రాదనుకున్నవా?" అని పొద్దున్నే మొదలయ్యేది.

సూది వేసేటప్పుడు "చీమ కుట్టినట్టు ఉంటది, అంతే" అని ఏ దవాఖానాలోనైనా చెప్తారు. ఆమె చెప్పేది కాదు. "నొప్పి పెడ్తది బిడ్డా. జర్రసేపే. ఏడుపొస్తే ఏడువు" అని చెప్పి మరీ పొడిచేది. విచిత్రమేమిటంటే పిల్లలు ఆమె దగ్గరే ఏడ్చేవాళ్లు కాదు. "చూసి చెప్త" అన్నది ఆమె ఊతపదం. కూరలో ఉప్పు సరిపోతుందా అని మా ఆవిడ అడిగినా "చూసి చెప్త" అనేది, చెంచాతో అరచేతిలో వేసుకుని చూశాకే చెప్పేది. కొత్తగా వచ్చిన నర్సులకు ఆమె చెప్పే మొదటి పాఠం కాలనీ అంతా ఎరుగుదురు. "నొప్పి గిక్కడనా అని అడగొద్దు. ఎక్కడ అని అడుగు. నువ్వే చెయ్యి పెట్టి చూపిస్తే పేషెంట్ పాపం నీ మొకం చూసి అవ్ అంటడు."

మా పాప పుట్టిన రోజు ఆ ఊతపదం మీద నాకు ఎంత కోపం వచ్చిందో! లోపల నా భార్య కేకలు, బయట నేను. ఆమె తలుపు తీసుకుని రాగానే "అంతా మంచిగనే అయితదిగా సిస్టరమ్మా?" అని చేతులు పట్టుకున్నాను. "ఇప్పుడైతే బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటాంది. గంతవరకే నాకు తెలుసు. ముందుది చూసి చెప్త" అని నా చేతులు విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలుతాయా అనుకున్నాను. కొంతసేపటికి వచ్చి "ఆడపిల్ల. తల్లి బాగుంది, పిల్ల బాగుంది. పోయి టీ తాగు" అంది. ఆ మాట వినగానే నేను బెంచీ మీద పడి నిద్రపోయాను. టీ కూడా తాగలేదు. ఆమె బాగుందంటే బాగున్నట్టే, ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆమె భర్తను మేమంతా కాకా అనేవాళ్లం. గనిలో షాట్‌ఫైరర్, అంటే బొగ్గు పొరలో మందు కూరి పేల్చే మనిషి. ఆ పేలుళ్లకు చెవులు సగం పోయాయి. రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లుండగా పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దముద్దగా మిగిలింది. పిల్లలు లేరు. పట్నం తీసుకుపోతే అక్కడొక డాక్టరు భుజం తట్టి "ఆర్నెల్లల్ల పరుగెత్తుతవ్ పెద్దాయనా" అన్నాడట. ఆర్నెల్లు కాదు, ఏడాది గడిచినా కాలు కదల్లేదు. అప్పుడు ఆమె మంచం పక్కన కూర్చుని "కాలు ఇగ రాదయ్యా. మాట ఇంకొంచెం వస్తది, ఎడమ చేతితోని తినుడు నేర్చుకుంటవ్. నేనున్న" అని చెప్పేసింది. కాకా గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆ తర్వాత డాక్టర్లనూ, దేవుణ్ణీ, పరామర్శకు వచ్చిన యూనియన్ వాళ్లనూ ఎవర్నీ నమ్మడం మానేశాడు. ఆమె మాట ఒక్కటే నమ్మేవాడు.

ఆయన మంచాన్ని వెనక వరండాలో, గుట్టకు ఎదురుగా వేశారు. ఇక రోజంతా ఆయనకు గుట్టే లోకం. తూర్పున గుట్ట, దాని వెనక అడవి భద్రాచలం దాకా. గుట్ట నిండా ఏనుగంత బండలు, బండల సందుల్లో ఎండిన గడ్డి, అక్కడక్కడా తునికి మొక్కలు. ఆ ఏడు చలి మొదలైన రోజుల్లో, అన్నిటికన్నా పై బండ మీద ఒక పిట్ట వచ్చి కూర్చుంది. నల్లగా, నిలువుగా, ఒంటరిగా. గోరింక కన్నా కొంచెం చిన్నది. మర్నాడూ అక్కడే కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. కాకాకు పండగైంది. పొద్దున లేవగానే "వచ్చిందా?" అని మొదటి మాట. ఆ మాట కోసం ఆయన నాలుక పడే కష్టం చూసి సిస్టరమ్మ ముఖం విప్పారేది. మందులకన్నా ఆ పిట్టే ఆయన చేత ఎక్కువ మాట్లాడించింది.

అందరూ దాన్ని "నల్లది" అన్నారు. అంతటితో ఊరుకుంటే మా కాలనీ ఎందుకవుతుంది! అది అసలు నల్లపిట్టే కాదనీ, బొగ్గు దుమ్ము పట్టి అట్లా అయిందనీ తేల్చేశారు. మా దగ్గర ఆరేసిన పంచె సాయంత్రానికి బూడిదరంగు అవుతుంది, తెల్లకుక్కను చూసి ఎన్నాళ్లయిందో. షిఫ్ట్ దిగి వచ్చే మనుషులే గుర్తుపట్టరాకుండా ఉంటారు, పిట్ట ఒక లెక్కా? "దానికీ ఒక సబ్బుబిళ్ల ఇప్పియ్యాలె కాకా, యూనియన్ల మాట్లాడుత" అని ఒకాయన గోడ మీది నుంచి వేళాకోళం చేశాడు. కాకా పడీపడీ నవ్వాడు. సిస్టరమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ "మన పిచ్చుకలు మట్టిరంగులనే ఉన్నయ్ గద? దుమ్ము దానొక్కదాని మీదనే పడ్తదా?" అంది. ఆ సబ్బుబిళ్ల ఆయన టీవీలో క్రికెట్ ఉందని వెళ్లిపోయాడు.

చలి వెనకబట్టే రోజుల్లో అది పాడింది కూడా. గట్టిగా కాదు, లోపల్లోపల ఏదో చెప్పుకుంటున్నట్టు, సన్నటి ఈలలు కలిపి. కాకాకు వినపడదు. అది పాడినంతసేపూ ఆమె ఆయన ఎడమ అరచేతిలో వేలితో మెల్లగా తాళం వేసేది. ఒకసారి డ్యూటీకి ఆలస్యమవుతోందని నేను గోడ మీది నుంచి గుర్తుచేస్తే, చెయ్యెత్తి ఆగమంది. డ్యూటీకి ఆలస్యంగా వెళ్లడం ఆమె చరిత్రలో అదొక్కటే అయి ఉంటుంది.

తర్వాత ఎండలు ముదిరాయి. ఉగాది దగ్గరికొచ్చే రోజుల్లో ఒక పొద్దున బండ ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. నేల పైనుంచే తవ్వే మా ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం సైరన్ మోగి బ్లాస్టింగ్ అవుతుంది, ఇళ్లలో గిన్నెలు అదురుతాయి. ఇదివరకు ఆ చప్పుడుకు పిట్ట లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ బండ మీద వాలేది. ఇప్పుడు సైరన్ మోగితే కాకా ఖాళీ బండ వైపు చూసి వణికేవాడు. "బ్లాస్టింగ్‌ల... పోయింది" అన్నాడు. జీవితమంతా మందు పేల్చిన మనిషి. "మేమే... సంపినం" అన్నాడు. కంచం దూరం నెట్టేశాడు. బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అవీ లేవు. కండలు తిరిగిన మనిషి చూస్తుండగా పుల్లలా అయిపోయాడు.

అడవిశాఖ బీట్ గార్డు ఒకాయన బీపీ మాత్రలకు దవాఖానాకు వచ్చేవాడు. ఆమె ఆయన్ని అడిగింది. "నల్లగ, గింత పిట్ట, బండల మీదనా? నల్లంచి అయితది సిస్టరమ్మా. రెక్క మీద తెల్ల మచ్చ, తోక కింద ఎర్రగ ఉంటది. అది ఏడికీ పోదు, పుట్టినకాడ్నే ఉంటది. కనబడ్తలేదంటే ఏ పిల్లో పట్టిందనుకోవాలె. కానీ దూరదేశం నుంచి వచ్చే రకమైతే చెప్పలేం, గవి చలికాలం ఉండి పోతయి, మళ్లొస్తయి" అన్నాడు. ఆమె ఆ మాటలు మా గోడ దగ్గర నిలబడి మాకు చెప్పింది. విషయం రెండు ముక్కల్లో తేలిపోయింది. అది నల్లంచి అయితే చచ్చిపోయినట్టే. వలస పిట్ట అయితే బతికే ఉండొచ్చు, చలికాలం రావొచ్చు. అదేదో తేల్చాలి, కాకా తిండి దానిమీదే ఆధారపడి ఉంది.

నాకు ఓపిక తక్కువ. "గింత దానికి గంత ఆలోచన ఎందుకు సిస్టరమ్మా? వలస పిట్ట, మళ్లొస్తది అని చెప్పేయ్. కాకా అన్నం తింటడు. చలికాలం వరకు ఎవరు చూసిన్రు?" అన్నాను. మా ఆవిడ కూడా నా వైపే మాట్లాడింది. సిస్టరమ్మ కోప్పడలేదు. ఆరేసిన తువ్వాలు మడతపెడుతూ నిలబడింది.

"రాకపోతే?"

"అప్పుడు చూద్దాం."

"అప్పుడు ఏం చూస్తవ్? ఆ డాక్టరు పరుగెత్తుతవ్ అన్నడు. ఏడాది దాంక రోజూ కాలు దిక్కు చూసుకొని ఏడ్చిండు. ఇప్పుడు ఆయనకు నా నోటి మాట తప్ప ఇంకేం మిగల్లే బిడ్డా. రేపు నొప్పి తగ్గుతదంటే నమ్మాలె, మాత్ర మింగుమంటే నమ్మాలె. ఒక్క పిట్ట కోసం దాన్ని గూడ తీసేస్తనా?" అంది. వాదించడానికి నోరు తెరిచి మూసుకున్నాను. మా ఆవిడ ఆ వింత చూసి తర్వాత చాలా రోజులు చెప్పుకుని నవ్వింది.

ఆమె కనపడ్డవాళ్లనల్లా అడిగింది. వారానికోసారి చీపుర్లు అమ్మడానికి వచ్చే కోయ అవ్వనూ అడిగింది. అవ్వ చీపుర్ల కట్ట దించి గుట్టను చూసి, ఆమెను చూసి, "అడవిల నల్లపిట్టలు తక్కువున్నయా అమ్మా? దేన్నని చెప్పాలె? ముందుగాల నీ పెనిమిటికి కోడికూర వండిపెట్టు, పిట్టను మర్సిపోతడు" అంది. కోడికూరా వండింది. కాకా పులుసు మాత్రం తాగాడు.

చివరికి సెలవు పెట్టి ఖమ్మం బయల్దేరింది. నాకు ఫోటో కాగితం కొనే పని ఉండి వెంట వెళ్లాను. మా ఆవిడ కాకా దగ్గర కూర్చుంది. ఖమ్మంలో ఒక గ్రంథాలయంలో అడిగితే లోపలి బీరువాలోంచి ఇంగ్లీషు పిట్టల పుస్తకం ఒకటి తీసిచ్చారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, మందుల పేర్లు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. నల్లంచి బొమ్మ దొరికింది. ఆ గార్డు చెప్పినట్టే ఉంది. తర్వాత ఇంకో పిట్ట. రాతిగుట్టల మీద నిలువుగా ఒంటరిగా కూర్చుంటుందట, గోరింక కన్నా చిన్నదట, చలికాలం వచ్చి ఎండాకాలం ముందు హిమాలయాల దిక్కు వెళ్లిపోతుందట. నేను "ఇదే! ఇదే!" అని కేకవేస్తే అక్కడ చదువుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఆమె మాత్రం బొమ్మ చూసి పుస్తకం మూసేసింది. బొమ్మలో పిట్ట నీలంగా ఉంది. ఒళ్లంతా నీలం, రెక్కలు మాత్రం ముదురు. "అలవాట్లన్నీ కలిసినయ్. రంగు కలవలే. మనది నలుపు, నా కండ్లతోని చూసిన" అంది. ఇంకో రెండు పిట్టల బొమ్మలు చూసి, పుస్తకం తిరిగి ఇచ్చేసి బయటికి నడిచింది.

తిరుగు బస్సులో ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుస్తూనే ఉంది. నాకేమో ఉండబట్టలేదు. జేబులో ఆ పిట్ట ఫోటో ఉంది. చలికాలంలో కాకా పోరగా పోరగా తీశాను. నా దగ్గరున్న లెన్సు పెళ్లిళ్లకు సరిపోతుందిగానీ పిట్టలకు కాదు, ఫోటోలో ఆకాశం మీద ఒక మసి మచ్చ పడింది. దాన్ని తీసి "గిది చూసి ఏం చెప్తం? పొద్దునపూట సూర్యుడు గుట్ట ఎనకనే ఉంటడు. ఎనక నుంచి వెలుతురు కొడ్తే ఏదైనా నల్లగనే పడ్తది. పెళ్లికూతుర్ని కిటికీకి అడ్డం నిలబెడ్తే ఎంత తెల్లపిల్ల అయినా బొగ్గే" అని నా వృత్తి గొప్ప చెప్పుకున్నాను. ఆమె చటుక్కున నా వైపు తిరిగింది.

"ఫోటోలనేనా? కంటికి గూడనా?"

"కంటికి గూడ. ఆకాశం ముందు ఉంది గద."

"మన క్వార్టర్లన్నీ గుట్టకు పడమర దిక్కే. మనమందరం దాన్ని పొద్దున్నే చూసినం."

"అవ్."

"మాపటీలి ఎండ గుట్ట మీద ఇటు దిక్కు పడ్తది." ఆమె వేళ్లతో ఏదో లెక్క వేసుకుంది. "మాపటీలి నేను డ్యూటీల ఉంట. నువ్వు స్టూడియోల ఉంటవ్. పిల్లలు గ్రౌండ్‌ల, ఆడోళ్లు సీరియళ్ల ముందర. దాన్ని మాపటీలి చూసిందెవరు?"

ఇద్దరం ఒకేసారి కాకా అన్నాం. అన్నాక ఆమె నుదురు కొట్టుకుంది. "దేశం మీద పడి అందర్నీ అడిగిన. పేషెంట్‌ను అడగలే" అంది. నేను నవ్వితే నా మోచేతి మీద ఒకటి వేసింది, కానీ ఆమెకూ నవ్వు ఆగలేదు. సారపాక కాగితపు మిల్లుకు వెదురు మోసుకెళ్లే లారీ ఒకటి ముందు అడ్డం ఉండి మా బస్సు నత్తనడక నడుస్తుంటే, డ్రైవర్‌ను జల్దీ పొమ్మని కేకలు వేసింది కూడా.

ఇంటికి వచ్చీరాగానే "కాకా, అది నీలంగ ఉండెనా?" అని అరవబోయాను. ఆమె నా నోరు మూసింది, నిజంగానే, అరచేత్తో. "నువ్వు రంగు పేరు ఎత్తితే ఆయన అవ్ అంటడు" అంది గొంతు తగ్గించి. తర్వాత కుట్టుమిషను పెట్టెలోంచి దారపు రీళ్లు తెచ్చి మంచం మీద కాకా ఎడమ చేతికి అందేట్టు పరిచింది. నలుపు, తెలుపు, ఎరుపు, మట్టిరంగు, బూడిద, ఆకుపచ్చ, రెండు రకాల నీలాలు. చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది. "పిట్ట మాపటీలి ఎండల ఏ రంగుల ఉంటుండె? తీసి చూపెట్టు."

కాకా రీళ్లను చూశాడు, ఆమెను చూశాడు. ఖాళీ బండను కాసేపు చూశాడు. చెయ్యి ముందుకు చాచి నల్లరీలు పట్టుకున్నాడు. దాన్ని పక్కన పెట్టాడు. వేళ్లు మిగతావాటి మీద మెల్లగా తిరిగాయి. తెలుపు ముట్టలేదు, ఎరుపు ముట్టలేదు. రెండు నీలాల్లో మెరిసేదాన్ని కాదని, మాసిన నీలాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత మళ్లీ నల్లరీలు అందుకుని దాని పక్కన ఆనించాడు. "రెక్క" అన్నాడు.

రెక్కలు ముదురని పుస్తకంలో ఉన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? ఆమె ఆ రెండు రీళ్లనూ గుప్పిట్లో పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "మరి ఇన్నాళ్లు నల్లది నల్లది అన్నవేందయ్యా?" అంటే, "అందరు... అంటున్రు గద" అన్నాడు. నేను ఇక ఆపుకోలేక గోడవతలికి పోయి నవ్వాను, ఏడ్చాను, రెండూ చేశాను.

అప్పుడు కూడా ఆమె తూచి తూచే చెప్పింది. "ఇగో, విను. అది బ్లాస్టింగ్‌ల పోలే. ఎండలకు హిమాలయాల దిక్కు పోయింది, ఆ జాతి గట్లనే పోతది. చలికాలం మళ్లొస్తది. మనదే వస్తదా, దాని బదులు ఇంకోటి వస్తదా, నాకు తెల్వదు. తొవ్వల ఏమన్న అయితే గూడ నాకు తెల్వదు. కానీ మీరు సంపలే. గది మాత్రం చెప్తున్న." ఆ రాత్రి కాకా పెరుగన్నం తిన్నాడు. సగం మంచం మీద పోసుకున్నాడు గానీ, తిన్నాడు.

వానలు వచ్చి వెళ్లాయి. దసరా అయింది, దీపావళి అయింది. చలి మొదలైంది, బండ ఖాళీ. కాకా మళ్లీ "వచ్చిందా?" అనడం మొదలుపెట్టాడు. ఆమె "రాలే" అనేది. "రేపొస్తదేమో" అని ఒక్కసారైనా అనలేదు. కార్తీకంలో కంచం మళ్లీ దూరం జరిగింది. గోడ ఇవతల నేను పళ్లు నూరుకునేవాణ్ని. ఆమె రాత్రిళ్లు ఉత్తరం వైపు చూస్తూ వాకిట్లో నిలబడేదని మా ఆవిడ చెప్పింది. ఆమెకూ భయమే, మాటల్లో పెట్టేది కాదు.

ఒక పొద్దున పిల్లలు "నల్లది వచ్చింది! కాకా, నల్లది వచ్చింది!" అని వరుసంతా అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. నేను గోడ దూకి వెళ్లాను. నిజమే, పై బండ మీద నిలువుగా, నల్లగా ఒక పిట్ట. వెనక సూర్యుడు. మా ఆవిడ ఇచ్చిన ఉప్మా మంచం మీద చల్లారిపోయి ఉంది. కాకా పిట్టను చూడలేదు. ఆమెను చూశాడు.

"అదేనా?"

వరుసలో జనం, పిల్లలు, నేను, అందరం ఆమె నోటి వైపే చూస్తున్నాం. అవునంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. ఆమె కొంగు నడుముకు దోపి, చెప్పులు వేసుకుంది. "అటు దిక్కు పోయి, ఎండల చూసి చెప్త" అంది. మోకాళ్ల నొప్పులు, షుగరు, రిటైర్మెంటు ముందు వయసు. నేను పోతానంటే "నువ్వు ముందే అదే అదే అంటవ్. ఆయన కాడ కూసో" అని కసిరింది. పిల్లల్ని కదలొద్దని కళ్లు ఉరిమింది. కాకాకు మాత్రం చెవి దగ్గర చెప్పింది. "ఆ జాతిదే అయితే పైకొచ్చి రెండు చేతులు లేపుత. కాకపోతే లేప. చూస్తుండు."

పక్కనున్న మేకల బాట పట్టి ఎక్కింది. కొంతదూరం తెల్లచీర కనపడింది, తర్వాత బండల వెనక మాయమైంది. పిట్ట కదలకుండా కూర్చుంది. కాకా రెప్ప వేయలేదు. ఆయన భుజం మీద నా చెయ్యి ఉంది. ఎంతసేపో. ఉన్నట్టుండి పిట్ట లేచి పక్క బండ మీద వాలింది, అది కూర్చున్న చోటికి సిస్టరమ్మ వచ్చి నిలబడింది. ఎండకు అడ్డంగా నిలబడేసరికి తెల్లచీర మనిషి కూడా మాకు నల్లగానే కనపడింది. చేతులు మాత్రం కిందికే ఉన్నాయి. ఒక్కసారి గుట్టంతా నా మీద పడ్డట్టయింది. అయ్యో, నల్లంచే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆమె ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది.

ఊపిరి తీసుకుని నిటారుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తింది. ఎత్తి, దించలేదు.

పిల్లల కేకలతో వరుస దద్దరిల్లింది. కాకా ఉప్మా కంచం చూపించి "ఇద్దరికి... పెట్టు" అన్నాడు నాతో. దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించినట్టున్నాయి, దవాఖానా నడవలో ఒక్కసారి కూడా పరుగెత్తని మా సిస్టరమ్మ బండ మీద చతికిలబడి, చిన్నపిల్లలాగా జారుకుంటూ, ఆగి ముందు బండకు కాళ్లు తన్ని మళ్లీ జారుకుంటూ, పగలబడి నవ్వుతూ వస్తోంది. ఆ నవ్వు కాకాకు వినపడదు. ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు, చప్పట్లు కొట్టడానికి రెండో చెయ్యి లేదు కదా, దబ్ దబ్‌మని, ఆమె దొడ్డి తలుపు దగ్గరికి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.